చెయ్యెత్తితే ఆగే బండి

మా ఊళ్ళో రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తితే అది బండి ఆపమని హుకుం కాదు. అడగడం. "దాటుకోనా?" అని అడగడం. బండి తోలేవాడు వేగం తగ్గించి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రెండు వేళ్ళు ఆడిస్తాడు. దాటుకోమని జవాబు. ఈ ముచ్చట అయ్యాకే మనిషి రోడ్డు మీద కాలు పెడతాడు. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి ఇది. లంకపాలెం కాలవగట్టు రోడ్డు మీద పుట్టింది, అక్కడే పోయింది.

ఆపకుండా పోయినవాడి సంగతి సాయంత్రం టీ కొట్టు దగ్గర తేలేది.

"ఏరా తాతాజీ, మా అత్త చెయ్యెత్తితే ఆపకుండా పోయేవంట? కొన్నది కొబ్బరికాయల వ్యానా, విమానమా?"

"చూళ్ళేదురా బాబూ, ఒట్టు."

"అంత మనిషి కనపళ్ళేదా నీకు? మా అత్తని పట్టుకుని సన్నం అంటున్నావన్నమాట!"

అందరూ నవ్వేవారు. తాతాజీ టీ చల్లారిపోయేది. మర్నాడు ఆ అత్త కనిపిస్తే చాలు, ఆవిడ చెయ్యెత్తకుండానే బండి ఆపేవాడు.

ఒక పక్క కాలవ, ఇంకో పక్క నిద్రగన్నేరు చెట్లు. రెండు బళ్ళు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగి చోటివ్వాలి. ఆ రోడ్డు మీద మా అన్నయ్య సూరిబాబు పసుపుపచ్చ వ్యానులో అరటిగెలలు మార్కెట్టుకి తోలేవాడు. వెనక తలుపు మీద కూతురి పేరు 'తన్మయి' అని ఎర్రరంగుతో రాయించుకున్నాడు. నేను ఆటో తోలేవాణ్ణి, ఇప్పటికీ తోలుతున్నాను. పేరు బుల్లబ్బాయి. జుట్టు నెరిసినా ఎవరూ ఆ పేరు మార్చలేదు. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్ళీ అటు వెళ్ళలేదు కాబట్టి ముందు రాబోయే మెషీను సంగతి నాకు అర్థమైనంత మేరకే చెబుతాను.

రోడ్డుని నాలుగు వరుసలు చేస్తామని పెద్దలు ప్రకటించినప్పుడు, ముందుగా పిల్లలకి దాటడం నేర్పాలని ఎవరికో తట్టింది. చెట్లు కొట్టేముందు చెట్లని ఎవరూ అడగలేదు గాని, పిల్లల గురించైనా ఆలోచించారు. అక్కడికి సంతోషం. పట్నంలోని ఇంజనీరింగు కాలేజీ నుంచి హిమజ అనే మేడమ్ వచ్చింది. కాకినాడ మనిషి. ఆవిడ తెచ్చిన కళ్ళజోడు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న బడి మైదానం కనబడుతూనే ఉంటుంది, దాని మీద మాత్రం లేని రోడ్డు పరుచుకుంటుంది, లేని బళ్ళు వస్తాయి. చెవిలో చప్పుడు కూడా. దెబ్బ తగలకుండా రోడ్డు దాటడం నేర్చుకోవచ్చు. పిల్లలు దానికి వెంటనే 'దెయ్యాల కళ్ళజోడు' అని పేరు పెట్టారు.

మొదట ఎక్కడో విదేశాల్లో చేసిన బళ్ళు చూపించారు. పిల్లలు ఒకటే నవ్వు.

"వీటికి హారన్ లేదేంటి టీచర్?"

"అన్నీ గీత మీదే వెళ్తున్నాయి. పెళ్ళి ఊరేగింపా?"

హిమజ గారికి కోపం రాలేదు. "పిల్లలు చెప్పింది నిజమే. ఇక్కడి బళ్ళు కావాలి" అంది. మా ఊరి బళ్ళకి కొన్నిటికి అగ్గిపెట్టెంత పెట్టెలు బిగించారు. కొన్ని నెలలు మా బళ్ళతోపాటే తిరిగాయవి. అన్నయ్య వ్యానుకి బిగిస్తున్నప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఇందులో ఏం పడుతుందండి మేడమ్ గారూ? నా ఫొటోవా?"

"ఫొటో కాదండి. మీరు ఎలా తోలుతారో అది నేర్చుకుంటుంది. ఎవర్ని చూసి ఆగుతారు, ఎంత దూరంలో ఆగుతారు, ఎప్పుడు తొందరపడతారు. తర్వాత మీరు లేకపోయినా మీలాగే తోలుతుంది. మీ స్వభావం అనుకోండి."

"అయితే మా ఆవిడకి చూపించకండేం. ఇంట్లో నా స్వభావం వేరండి."

"ముఖం కూడా కనబడదు లెండి, అది మా నియమం. అద్దం నల్లగా ఉంటుంది. చెయ్యి మాత్రం ఉంచుతాం, దాటమని ఊపాలి కదా."

"చెయ్యే నయమండి. మొగం చూస్తే పిల్లలు జడుసుకుంటారు" అని అన్నయ్య పెద్దగా నవ్వాడు. ఆ చేతి నిండా అరటి జిగురు మరకలు. ఎంత రుద్దినా పోని నల్లటి మరకలు.

ఆ వానాకాలమే మార్కెట్టులో గెల దింపుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. మంచం కూడా పట్టకుండా పోయాడు. వ్యాను అమ్మేశాం. కొన్నవాడు నీలం రంగు వేయించి, వెనక వాడి కొడుకు పేరు రాయించుకున్నాడు. అందులో తప్పేం లేదు. బండి వాడిది.

తర్వాత కొన్నాళ్ళకి తన్మయి బడి నుంచి వచ్చి సంచీ కూడా దింపకుండా అంది, "చిన్నాన్నా, ఇవాళ నాన్న ఆపేడు."

వంటింట్లో మంగతాయారు వదిన చేతిలో గరిట ఆగిపోయింది.

"ఏంటే ఆపేడు?"

"బండి. నేను చెయ్యెత్తేను. ఆపి ఇలా ఇలా అన్నాడు." రెండు వేళ్ళు ఆడించి చూపించింది. అచ్చం వాళ్ళ నాన్నే.

మర్నాడు బడికి వెళ్ళి, మాస్టారుని బతిమాలి ఆ కళ్ళజోడు పెట్టుకున్నాను. ఏం చెప్పను! మైదానంలో కాలవగట్టు రోడ్డు. అప్పటికే కొట్టేసిన నిద్రగన్నేరు చెట్లు నిలబడి ఉన్నాయి, పూత కూడా ఉంది. మలుపులోంచి పసుపుపచ్చ వ్యాను వచ్చింది. చెయ్యెత్తాను. అన్నయ్య బ్రేకు ఒక్కసారిగా తొక్కడు. కొంచెం తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కుతాడు, వెనక గెలలు నలగకుండా. వ్యాను అలాగే తగ్గింది, అలాగే ఆగింది. నల్ల అద్దం పక్కనుంచి చెయ్యి బయటికొచ్చింది. మరకలతో సహా. రెండు వేళ్ళు ఆడాయి.

"దాటండి, దాటండి" అంటున్నారు మాస్టారు.

నేను దాటలేదు. అవతలికి చేరగానే పాఠం అయిపోతుందనీ, ఆగిన బండి ఆగినచోటే మాయమవుతుందనీ తన్మయి ముందే చెప్పింది. అలాగే నిలబడ్డాను. చెయ్యి ఊపుతూనే ఉంది. ఎంతసేపైనా విసుక్కోదు. బతికున్నప్పుడూ అంతే.

ఇంటికొచ్చి వదినతో అన్నాను, "ఒకసారి రా వదినా, చూద్దువుగాని."

"ఆ చెయ్యి చూసి నేనేం చేసుకోను, బుల్లబ్బాయ్? అన్నం కలుపుకుంటుందా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

తన్మయికి మాత్రం ఆ పాఠం అంటే పండగ. దాటడంలో బడి మొత్తానికి ఫస్టు వచ్చింది. నిలబడేది, చెయ్యెత్తేది, బండి ఆగేది, తలెత్తుకుని దాటేది. కలెక్టరాఫీసు నుంచి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి బిస్కెట్లు పంచి వెళ్ళారు.

కొత్త రోడ్డు తెరిచారు. పోయేటప్పుడు రెండు వరుసలు, వచ్చేటప్పుడు రెండు. కాలవని గొట్టాల్లో పెట్టి పూడ్చేశారు. మీ ఊరు ప్రపంచంతో కలిసిందని ఒకాయన మైకులో చెప్పాడు. ప్రపంచం వచ్చిన మాట నిజమే. ఆగకుండా వెళ్ళిపోతోంది.

ఒక ఉదయం బడి వేళకి నేను ఆటో స్టాండులో ఉన్నాను. రోడ్డుకి అవతల అంచున తన్మయి. కొబ్బరికాయల లోడుతో తాతాజీ వ్యాను వస్తోంది. తన్మయి చెయ్యెత్తింది. తాతాజీ ఆపాడు. పాత అలవాటు. చెయ్యి బయటపెట్టి రెండు వేళ్ళు ఆడించాడు. పిల్ల తలెత్తుకుని అడుగు వేసింది.

వ్యాను పక్క వరుసలో లారీ వస్తోంది. వ్యాను అడ్డంగా ఉండటంతో లారీవాడికి పిల్ల కనబడలేదు, పిల్లకి లారీ కనబడలేదు. నాకు రెండూ కనబడుతున్నాయి. అరిచాను. ఆ మోతలో నా అరుపు నాకే వినబడలేదు.

లారీ అంచు తగిలి పిల్లని పక్కకి విసిరేసింది. దేవుడు కాస్త కళ్ళు తెరిచాడు, ప్రాణం దక్కింది. ఎత్తిన చెయ్యి రెండుచోట్ల విరిగింది. లారీవాడిది మన భాష కాదు. దిగి నెత్తి కొట్టుకుంటూ రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. తాతాజీ ఆసుపత్రి మెట్ల దగ్గర నా కాళ్ళు పట్టుకున్నాడు. "ఆపేనురా, బుల్లబ్బాయ్. నేను ఆపేనురా" అని ఒకటే మాట.

మంచం మీద తన్మయి కూడా అదే అడిగింది. "ఆపేడు కదా చిన్నాన్నా. మరి ఎందుకు తగిలింది?"

ఏడో తరగతి వదిలేసినవాణ్ణి, నేనేం చెబుతాను?

హిమజ గారు వచ్చింది. కబురు తెలియగానే బయల్దేరినట్టుంది, కాళ్ళకి ఇంటి చెప్పులే ఉన్నాయి. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"తప్పు మాదండి. మీ డ్రైవర్ల మర్యాద ఒక్క వరుస రోడ్డుది. అక్కడ ఒక బండి ఆగితే రోడ్డు ఆగినట్టే. దాన్ని తెచ్చి నాలుగు వరుసల రోడ్డుకి పాఠంగా పెట్టాం. నా బళ్ళన్నీ ఆగుతున్నాయని మురిసిపోయాను. ఆగిన బండి పక్కనుంచి ఇంకోటి వస్తుందని తెలియకపోవడమేంటి, తెలుసు. తెలిసి కూడా పెట్టలేదు. రేపే ఆ బళ్ళన్నీ తీసేస్తాను."

"నాన్న బండి తియ్యద్దు!" అని తన్మయి మంచం మీద లేచి కూర్చుంది. కట్టు కదిలి నొప్పికి కేకపెట్టింది. అయినా అదే మాట. "తియ్యద్దు. మిగతావాళ్ళు ఆపరు. నాన్నయితే ఆపుతాడు."

తీసేశారు. పిల్ల మాటకి ఎవరాగుతారు? కాని దానివల్ల ఇంకోటి జరిగింది. చేతికి సిమెంటు కట్టుతో ఇంటికొచ్చిన వారానికి తన్మయి కనబడలేదు. వెతుకుతూ వెళ్తే పెద్దరోడ్డు అంచున నిలబడి ఉంది. దూరంగా పసుపుపచ్చ వ్యాను ఏదైనా కనిపిస్తే బాగున్న చెయ్యెత్తుతోంది. ఎవరెవరివో వ్యాన్లు. ఒకడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాడు. ఇంకో వ్యాను కొంచెం తగ్గింది. పిల్ల కాలు కదిలింది. రెక్క పట్టుకుని వెనక్కి లాగాను.

"వదులు చిన్నాన్నా! అదిగో, ఆపుతున్నాడు!"

ఆ రోజుకి ఎత్తుకుని ఇంటికి తెచ్చాను. రోజూ ఎవరు కాపలా కాస్తారు?

హిమజ గారిని ఇంటికి పిలిచాం. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు తాగకుండా చేతిలోనే పట్టుకుని చెప్పింది.

"ఒక దారుంది. సూరిబాబు గారి బండికి ఈ కొత్త రోడ్డు తెలియదు. ఆయన దీని మీద ఎప్పుడూ తోలలేదు. మెషీన్లో ఆ బండిని కొత్త రోడ్డు మీదికి దింపి మళ్ళీ నేర్చుకోనివ్వాలి. ఆయనే ఉండి ఈ రోడ్డు మీద కొన్నేళ్ళు తోలితే ఎలా మారేవారో, అలా మారుతుంది. అప్పుడు తన్మయికి చూపిద్దాం. ఆ పిల్ల వేరే ఎవరి బండి మాటా వినదు."

"నేర్చుకోవడమంటే ఎలాగండి?" అన్నాను.

"పొరపాటు జరగాలి. జరిగితేనే దానికి తెలుస్తుంది."

"పొరపాటంటే?"

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"పిల్లల్ని గుద్దించడమా?" లేచి నిలబడ్డాను. "మా అన్నయ్య బతికుండగా కోడిపిల్లని తొక్కలేదండి. పోయినవాణ్ణి లేపి, ఇప్పుడు ఆయన చేత పిల్లల్ని చంపిస్తారా?"

"వాళ్ళు పిల్లలు కాదండి, ఒట్టి బొమ్మలు. ఆయనా లేరు. అది లెక్క, అంతే."

"లెక్కయితే, మా అమ్మాయి నాన్న ఆపేడని ఎవర్ని అంది?"

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న వదిన అప్పుడు నోరు తెరిచింది.

"చేయించండి మేడమ్ గారూ."

"వదినా!"

"నువ్వుండు బుల్లబ్బాయ్. మీ అన్నయ్య పిల్లకోసం ఏం మొయ్యలేదని? ఇదీ మోస్తాడు." ఆవిడ కళ్ళలో చుక్క నీరు లేదు. కొంగు మాత్రం పిడికిట్లో నలిగిపోతోంది.

నేను హిమజ గారి కాలేజీలో ప్రయోగశాలకి వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండేది. గోడంత తెర మీద కొత్త రోడ్డు. మొహాల్లేని తెల్లటి పిల్ల బొమ్మలు. పసుపుపచ్చ వ్యాను వస్తుంది, కొంచెం తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి ఆగుతుంది. చెయ్యి ఊపుతుంది. తెల్లబొమ్మ నడుస్తుంది. పక్క వరుసలోంచి లారీ. మళ్ళీ మొదలు. ఆగకపోతే తనే గుద్దుతుంది. మళ్ళీ మొదలు. నేను వరండాలోకి వచ్చి కూర్చున్నాను. లోపలనుంచి చప్పుడేమీ రావడం లేదు. చప్పుడు తీసేసి నడిపిస్తున్నారట. ఎవరిమీద దయతోనో తెలియదు.

కొన్నాళ్ళకి హిమజ గారు ఫోను చేసింది. "బండి కదలడం లేదండి."

వదినా నేనూ కలిసి వెళ్ళాం. తెర మీద వ్యాను రోడ్డు దిగి, మట్టి అంచున నిలబడి ఉంది. బళ్ళు పోతున్నాయి, పిల్ల బొమ్మలు నిలబడుతున్నాయి, వ్యాను మాత్రం ఉలకదు పలకదు.

"ఇది మామూలేనండి" అంది హిమజ గారు. "కదిలితే ఎవరికో ఒకరికి తగులుతోంది కాబట్టి, కదలకపోతే మేలని మెషీను తేల్చుకుంది. ఇలాంటివి చేస్తుంటాయి."

ఆవిడకి మెషీను. నాకైతే బండి పక్కకి తీసి స్టీరింగు మీద తల ఆనించిన మా అన్నయ్య.

వదిన ఆ తెర వంక చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూసింది.

"బండి ఖాళీగా ఉందాండి?"

"లోడు ఏమీ పెట్టలేదండి. ఆలస్యమైతే నష్టమని బండికి తెలిసేలా లెక్కలో ఒకటి పెట్టాలి, అదే ఆలోచిస్తున్నాను."

"గెలలు ఎక్కించండి. కాయ ఎండలో మగ్గిపోతుంటే ఆయన కాలు నిలవదు. జ్వరమొచ్చినా లేచేవాడు."

హిమజ గారు అలాగే చేసింది. లెక్కలో ఆలస్యమూ, నష్టమూ కలిపింది, వదిన మాట మీద బండి వెనక గెలలు కూడా నింపింది. మేం చూస్తుండగానే వ్యాను ముందు చక్రం కొంచెం తిరిగింది. ఆగింది. తర్వాత మెల్లగా రోడ్డెక్కింది. వదిన ముఖం తిప్పేసుకుని, "పదరా ఇంటికి" అంది. ఎప్పుడూ లేనిది, నన్ను రా అంది ఆ రోజు.

తన్మయి చేతి కట్టు విప్పాక మళ్ళీ బడి మైదానం. పొద్దున్న ఎండ. రోడ్డంచుకి గుర్తుగా గీసిన సున్నం గీత దగ్గర తన్మయి, పక్కన నేను, ఇద్దరికీ కళ్ళజోళ్ళు. ఈసారి చెట్లు లేవు. నాలుగు వరుసల తారురోడ్డు. లారీలు, బస్సులు, ఎవరెవరో. చాలాసేపటికి మలుపులోంచి పసుపుపచ్చ వ్యాను.

"నాన్న!" అని చెయ్యెత్తింది. ఆ చెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు. భుజం దాకానే లేచింది.

వ్యాను తగ్గింది. కొంచెం తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి. తన్మయి కాలు గీత మీదికి వచ్చింది. నేను రెక్క పట్టుకోబోయి ఆగాను. పట్టుకోవద్దని హిమజ గారు మరీ మరీ చెప్పింది.

నల్ల అద్దం పక్కనుంచి చెయ్యి బయటికొచ్చింది. రెండు వేళ్ళు ఆడలేదు. మరకల అరచెయ్యి తెరుచుకుని, పిల్లకి ఎదురుగా నిటారుగా నిలబడింది. ఉండు అన్నట్టు. బండి దాటి ముందుకు పోతున్నా ఆ చెయ్యి వెనక్కి తిరిగి అలాగే నిలిచి ఉంది. వ్యాను ఆగలేదు. దాని అవతల వరుసలోంచి లారీ రివ్వుమని వెళ్ళింది.

ఆ అరచెయ్యి ఎవరూ పెట్టలేదని, ఎక్కణ్ణుంచి వచ్చిందో తనకీ తెలియదని హిమజ గారు తర్వాత చెప్పింది. పాత లెక్కలన్నీ వెతికిందట. దొరకలేదట.

తన్మయి ఎత్తిన చెయ్యి దించేసింది. దాని కాలు గీత వెనక్కి వచ్చింది. వ్యాను దూరమవుతోంది. ఇన్నాళ్ళూ ఆ బండి ఆగడమే గాని వెళ్ళడం లేదు, అందుకని దాని వెనక తలుపు మేమెవరమూ చూడలేదు. గెలల కింద, ఎర్ర అక్షరాలతో, 'తన్మయి'. మలుపు దాకా కనబడి, మలుపులో తిరిగిపోయింది.

పిల్ల కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, మళ్ళీ కుడివైపు చూసింది. రోడ్డు ఖాళీ అయ్యాక దాటింది. ఎవర్నీ అడగలేదు.

ఇద్దరం ఇంటికొచ్చాం. వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైందే?"

"నాన్న ఆపలేదమ్మా. ఉండమన్నాడు. బండి మీద నా పేరు ఉందమ్మా. ఇంకా ఉంది" అంది.

వదిన దాని జుట్టు సరిచేస్తూ ఉండిపోయింది. సరిచేయడానికేమీ లేదు, పొద్దున్న తనే బిగించి వేసిన జడ అది.

"రేపు నన్నూ తీసుకెళ్ళు, బుల్లబ్బాయ్" అంది చివరికి.

మర్నాడు బడి మైదానంలో సున్నం గీత దగ్గర తల్లీకూతుళ్ళు నిలబడ్డారు. నాకు కళ్ళజోడు లేదు. ఖాళీ మైదానం, ఎండ, వాళ్ళిద్దరూ. ఇద్దరి తలలూ ఒక్కసారే కుడివైపు తిరిగాయి. మెల్లగా ఎడమవైపు తిరిగాయి. వాళ్ళలో ఎవరూ చెయ్యెత్తలేదు. పోయే బండిని మలుపు దాకా చూసినట్టు చూసి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, అప్పుడు దాటారు.